31 గుర్రాలు, 93 తీగలు, ఒక పాలమూరు ఎండాకాలం: నా సంతూర్‌కు 20 నెలలు

ముందే చెప్తున్నా, ఇది సబ్బు గురించి కాదు. "ఇక్కడ సంతూర్ నేర్పబడును" అని గేటుకు బోర్డు కట్టిన వారంలోనే ఒకాయన బండి ఆపి, "హోల్‌సేల్‌ల ఇస్తరా మేడమ్, ఎన్ని డబ్బాలు తీస్కోవాలె?" అని అడిగాడు. తర్వాత బోర్డు మీద వాద్యం బొమ్మ కూడా వేయించాను. ఇప్పుడు దాన్ని చూసి ఇస్త్రీ బల్లనా అని అడుగుతున్నారు.

సంతూర్ అంటే చెక్క పెట్టె మీద బిగించిన తీగలను, కలాలనే రెండు సన్నటి కర్రలతో కొట్టి పలికించే వాద్యం. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో వాయిస్తాను. మిగతా రోజుల్లో మహబూబ్‌నగర్‌లోని మా ఇంటి ముందు గదిలో పిల్లలకు నేర్పిస్తాను. అంతకుముందు ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచర్‌ని. ఏడేళ్లపాటు ఆదివారాలు కాచిగూడ రైలెక్కి హైదరాబాద్ వెళ్లి ఒక గురువుగారి దగ్గర నేర్చుకున్నాను. ఇల్లు గడిచేది దీని మీదే కాబట్టి, ఈ రివ్యూ కూడా ఆ లెక్కలోనే రాస్తున్నా. హాబీగా కొనుక్కునేవాళ్లకు ఇంత గొడవ అక్కర్లేదు.

నా పాత సంతూర్‌కు 25 గుర్రాలు. గుర్రం అంటే తీగల కింద నిలబడే చిన్న చెక్క బ్రిడ్జి. హిందీవాళ్లు ఘోడా అంటారు, నేను పిల్లలకు గుర్రమనే చెప్తాను, చప్పున గుర్తుంటుందని. పాత పద్ధతిలో ఒక్కో గుర్రం మీద 4 తీగలు, మొత్తం 100. శతతంత్రి వీణ, అంటే వంద తీగల వీణ, అనే పేరును దీనికి ముడిపెట్టేది అందుకే. కశ్మీర్‌లో సూఫియానా పాటకు తోడుగా ఉండే ఈ వాద్యాన్ని కచేరీ వేదిక ఎక్కించింది జమ్మూలో పుట్టిన పండిట్ శివకుమార్ శర్మ. 1955లో ఆయన ముంబైలో వాయించినప్పుడు, ఇది శాస్త్రీయ సంగీతానికి పనికిరాదని పెదవి విరిచినవాళ్లున్నారు. తీగను నొక్కి లాగడానికి వీల్లేని దాంట్లో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ సాగించడం, ఎట్లా పలుకుతుందని వాళ్ల ప్రశ్న. ఆయన కలాన్ని తీగ మీద జారనిచ్చి, స్వరం తెగకుండా సాగేట్టు చేశారు. 2022 మేలో ఆయన పోయిన రోజు సాయంత్రం నేను క్లాసు చెప్పలేదు. పిల్లలకు ఆయన రికార్డింగ్ పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇంతకీ కొత్తది ఎందుకు కొన్నానంటే, పెళ్లివాళ్ల కోసం. పాతదాన్ని ఒక రాగానికి శ్రుతి చేస్తే ఆ రాగమే పలుకుతుంది. మోహనంలో ఉన్నదాన్ని హిందోళానికి మార్చాలంటే గాంధారాలు (గ), ధైవతాలు (ద) అన్నీ దించుకోవాలి, మిగతావి సర్దుకోవాలి. అరగంట పని. ఆ అరగంటలో పెళ్లికొడుకు మేనమామ మూడుసార్లొచ్చి "ఇంకా స్టార్ట్ చేయలే?" అంటాడు. పైగా వాళ్లడిగేవి సినిమా పాటలు. పల్లవిలో ఒక గాంధారం, చరణంలో ఇంకో గాంధారం. 31 గుర్రాలుంటే 12 స్వరాలనూ వరసగా పేర్చుకోవచ్చు, రెండున్నర స్థాయిలు వస్తాయి (స నుంచి పై స దాకా ఒక స్థాయి). గుర్రానికి 3 తీగల చొప్పున 93. ధర ₹42,000 చెప్పారు, బేరమాడినా తగ్గలేదు, అంతా ఇచ్చే కొన్నా.

ఆషాఢం చివర్లో తెప్పించాను. పెళ్లిళ్లుండవు, తీగలు సాగి కుదురుకోవడానికి టైమ్ ఉంటుందని. ఆర్టీసీ కార్గోలో బస్టాండుకొచ్చింది. తీగలు వదులు చేసి పంపితే గుర్రాలు నిలబడవు కాబట్టి వాటిని విడిగా ఒక ప్లాస్టిక్ కవర్లో వేశారు. లెక్కపెడితే 30. థర్మాకోల్ అంతా చాప మీద దులిపినా 30. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "31 వేసినం మేడమ్, మంచిగ చూడండి" అన్నాడు. ఆయన పేరు, ఊరు ఇక్కడ రాయను, ఆ గొడవ అప్పుడే తేలిపోయింది. చివరికి మా గల్లీలో తలుపులు చేసే వడ్రంగి తాత పాత కుర్చీ కాలు కోసి ఒక గుర్రం చెక్కిచ్చాడు, పైన ఇత్తడి తీగ ముక్క అద్ది. మిగతావాటికన్నా కొంచెం మొద్దుగా పలుకుతుంది. దాన్ని నేను ఎప్పుడోగానీ తాకని ఒక చివరి స్వరం కింద పెట్టుకున్నా.

అసలు సంగతి బయటపెట్టింది కూడా ఆ తాతే. నాకు దీన్ని వాల్‌నట్ కర్రతో చేసిందని చెప్పి అమ్మారు. తాత పైపలకకున్న గుండ్రటి రంధ్రం అంచు మీద గోరు పెట్టి నెమ్మదిగా గీకాడు. "బిడ్డా, ఇగో చూడు" అన్నాడు. పాలిష్ లేచిన చోట సన్నగా చారలు, ఒకటి ముదురు, ఒకటి లేత, మళ్లీ ముదురు. ప్లైవుడ్. చుట్టూ చట్రం మాత్రం గట్టి కర్రేనన్నాడు. ప్లై పలకతో చేసినవి తక్కువ ధరలో దొరుకుతాయి, అది తప్పు కాదు. వాల్‌నట్ ధర పెట్టి ప్లై కొన్నానే అన్నదే బాధ. గట్టిగా అడిగితే ₹5,000 వెనక్కి పంపాడు. కొనేముందు ఫోన్ టార్చ్ వేసి ఆ రంధ్రం అంచు చూడండి. చారలు కనిపిస్తే ప్లై ధరే ఇవ్వండి.

మరి నాదం ఎట్లా ఉందంటే, నిజం చెప్పాలి, బాగుంది. పై స్థాయిలో వర్షం చినుకులు రేకుల మీద పడ్డట్టు కాకుండా కుండలో పడ్డట్టు ఉంటుంది. కింది స్థాయి కొద్దిగా పల్చన, అది పలక వల్లే అనుకుంటున్నా. మైకు పెట్టాక ఆ తేడా ఎవరికీ తెలియదు. ఇంట్లో ఒంటరిగా వాయించుకున్నప్పుడు నాకు తెలుస్తుంది.

అసలు కష్టం మార్చిలో మొదలైంది. తీగను బిగించే మేకుల్లాంటి ఇనుప పిన్నులుంటాయి, చెక్కలోకి దిగ్గొట్టి. వాటిని పట్టి ఉంచేది చెక్క బిగువు ఒక్కటే, మరలూ లేవు, నట్లూ లేవు. వానాకాలంలో చెక్క తడి పీల్చి ఉబ్బి ఉంటుంది, పిన్ను కదలదు. పాలమూరు ఎండలకు అదే చెక్క ఎండి కుంచించుకుపోతుంది, రంధ్రం వదులవుతుంది. పొద్దున శ్రుతి చేసి పెడితే మధ్యాహ్నం అన్నం తినొచ్చేసరికి తొమ్మిది తీగలు దిగిపోయి ఉండేవి. అదే తొమ్మిది, ప్రతిరోజూ. మూడు తీగల్లో ఒక్కటి వెంట్రుకవాసి దిగినా నాదం "వావ్ వావ్ వావ్" అని ఊగుతుంది, పంటి కింద రాయి పడ్డట్టు.

ఫోన్ చేస్తే "అది వాతావరణం మేడమ్, మేమేం చేస్తం" అన్నాడు. కోపమొచ్చింది గానీ, ఆ మాటలో సగం నిజం. మిగతా సగం, ఆ తొమ్మిది రంధ్రాలు మొదటి నుంచే వెడల్పుగా తొలిచారు. తీగ వదులు చేసి, పిన్ను మీద శ్రుతి సుత్తితో రెండు దెబ్బలు వేసి ఇంకొంచెం లోపలికి దింపితే ఆరు నిలబడ్డాయి. మిగిలిన మూడింటిని తీసి, రంధ్రంలో గరుకు కాగితం సన్నగా చుట్టి పెట్టి మళ్లీ దిగ్గొట్టాం. వాటిలో రెండు కుదిరాయి. ఒకదానికి లావు పిన్ను తెప్పించాల్సొచ్చింది. ఆ పని చేస్తుండగా తీగ తెగి చూపుడు వేలు కోసింది. ఆ వారం ఒక ఫంక్షన్ వదులుకున్నా.

శ్రుతి గురించి ఇంకొక్క మాట. క్లిప్ ట్యూనర్, అంటే శ్రుతి చూపించే చిన్న యంత్రం, చెక్కకు తగిలిస్తే సరిపోతుందని అమ్మేవాళ్లు చెప్తారు. సరిపోదు. ఒక తీగ మోగిస్తే పక్కవి కూడా గుయ్యిమని లేస్తాయి, ట్యూనర్ ముల్లు పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. నేను పాత కాటన్ చీర పీలికలు అటూ ఇటూ తీగల మీద పరిచి, ఒక్కో తీగనే వింటాను. మొదట్లో 93 తీగలకు రెండున్నర గంటలు పట్టేది. ఇప్పుడు అటూ ఇటూ సర్దుకోవడానికైతే 40 నిమిషాలు.

భూత్పూర్ రోడ్డులో ఒక రిసెప్షన్‌లో జరిగింది చెప్తా. సాయంత్రం ఐదింటికే వెళ్లి, ఏసీ లేని హాల్లో చెమటలు కారుస్తూ శ్రుతి చేసుకున్నా. ఏడింటికి జనం రాగానే ఏసీలన్నీ ఒక్కసారి ఆన్ చేశారు. చల్లదనానికి తీగలు బిగుసుకున్నాయి. అన్నీ ఒకే తీరుగా బిగుసుకుంటే తంటా లేదు, నాతో వాయించే తబలా తమ్ముడు తన శ్రుతి కొంచెం పెంచుకుంటాడు. కానీ స్టీలు తీగలది ఒక దారి, కింది స్థాయిలోని కంచు తీగలది ఇంకో దారి. పెళ్లికూతురు స్టేజి ఎక్కే వేళకు నా కింది షడ్జం (స), పై షడ్జం మొహమొహాలు చూసుకోవట్లేదు. కింది స్థాయిని పూర్తిగా వదిలేసి గంటన్నర పైనే నెట్టుకొచ్చా. ఎవరూ పట్టుకోలేదు, బిర్యానీ కౌంటర్ దగ్గరే అందరూ. అప్పటినుంచి ఫంక్షన్ ఒప్పుకునేటప్పుడే అడుగుతున్నా, "ఏసీ ఎన్నింటికి వేస్తరు?" అని. వాళ్లకది వింత ప్రశ్న.

అదే రాత్రి వేదిక దిగుతుంటే నాగర్‌కర్నూల్ దిక్కునుంచి వచ్చిన ఒక ముసలాయన దగ్గరికొచ్చి తీగల మీద వేలు పెట్టకుండా వంగి చూశాడు. "మా దిక్కు కిన్నెరకు పన్నెండు మెట్లు బిడ్డా. దీనికెన్ని?" అన్నాడు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య వాయించే జానపద తీగవాద్యం ఆ పన్నెండు మెట్ల కిన్నెరే, ఆ జిల్లావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. "మెట్లు లేవు తాతా, ముప్పై ఒక్క గుర్రాలున్నయి" అన్నా. "గుర్రాలా! మరి గంత మెల్లగ నడిపినవేంది?" అన్నాడు. హాల్లో పాట విన్నది ఆయనొక్కడే అనిపించింది.

నేర్పించే విషయానికొస్తే, ఈ వాద్యం పిల్లలకు తొందరగా పట్టుబడుతుంది. కలం దెబ్బకు స్వరం పలుకుతుంది, వీణలాగా వేళ్లు కాయలు కట్టేదాకా ఆగక్కర్లేదు. ఇబ్బందంతా ఇంటి దగ్గర సాధనకు. నా ఏడుగురు పిల్లల్లో సొంత సంతూర్ ఉన్నది ఒక్కరికే. మిగతావాళ్లకు వడ్రంగి తాత చేత పలకలు చేయించాను, 31 గీతలు గీసి, స్వరాల పేర్లు రాసి. ఇంటికెళ్లి వాటి మీద కొడతారు. జడ్చర్ల నుంచి బస్సులో వచ్చే ఒక పాప మూడు నెలలు ఆ మూగ పలక మీదే సాధన చేసి, క్లాసులో అసలుదాని మీద ఒక్క తప్పు లేకుండా వర్ణం వాయించింది. వాళ్ల నాన్న మాత్రం ప్రతి నెలా ఫీజు ఇస్తూ "కీబోర్డు కూడ నేర్పుతరా?" అని అడుగుతాడు.

లెక్క ఇదీ. ఫంక్షన్‌కు ₹6,000, అందులో తబలా తమ్ముడికి 2,500, ఆటోకు 500. నాకు 3,000. ఈ 20 నెలల్లో ఇట్లాంటివి 34 దొరికాయి, అంటే లక్షా రెండు వేలు. ఏడుగురు పిల్లలు తలా వెయ్యి. ఆషాఢం, మూఢాల్లో ఆ ఏడు వేలే. సంతూర్ పెట్టుబడి తిరిగొచ్చిన మాట నిజమే. కానీ వాయించేది రెండు గంటలైతే, ముందురోజు ఇంట్లో, ఆ రోజు హాల్లో శ్రుతికి ఇంకో రెండు గంటలు పోతాయి. వాటిని కూలి కింద కలిపితే మా గల్లీ వడ్రంగి తాత సంపాదనే నయం.

దాంతోపాటు వచ్చిన కలాల గురించి రెండు ముక్కలు. చూపుడు వేలికి, మధ్య వేలికి నడుమ పట్టుకుని బొటనవేలు ఆనించే సన్నటి కర్రలవి. రెండూ ఒకే బరువుండాలి. నాకొచ్చిన జతలో ఒకటి బరువు, కుడిచేతి దెబ్బలన్నీ గట్టిగా పడేవి. గరుకు కాగితంతో అరగదీసుకున్నా. లోపల పెట్టించిన పికప్‌కు (నాదాన్ని నేరుగా స్పీకర్‌కు పంపే పరికరం) ₹1,800 అదనంగా ఇచ్చాను, దండగ. జనరేటర్ ఆన్ కాగానే గుర్రుమంటుంది. మామూలు మైకే పెట్టించుకుంటున్నా. బ్యాగు మాత్రం బంగారం. 8 కిలోల వాద్యం వేసుకుని ఎన్ని ఆటోలెక్కినా జిప్పు పోలేదు.

ఐదు నక్షత్రాలకు మూడు ఇస్తాను. ఇంకోటి కొనాల్సొస్తే కొంటాను, ఇట్లాంటిదే, 31 గుర్రాలదే. కానీ పార్శిల్‌లో తెప్పించుకోను. వానాకాలంలో అసలే కొనను, అప్పుడు పిన్నులన్నీ బుద్ధిమంతుల్లా ఉంటాయి. ఏప్రిల్ నెలాఖర్లో మిట్టమధ్యాహ్నం వెళ్లి, శ్రుతి చేయించి, బయట చాయ్ తాగి గంటకు వచ్చి మళ్లీ వింటాను.