పనుల జాబితాకి రెడిస్: మూడేళ్లు వాడాక

మూడేళ్లుగా నా పనుల జాబితా యాప్‌కి రెడిస్ (డేటాని ర్యామ్‌లో పెట్టుకునే డేటాబేస్) ఒక్కటే దిక్కు. వెనక వేరే డేటాబేస్ లేదు. వేగం గురించి చెప్పను, ర్యామ్‌లో ఉన్నది వేగంగా రాక ఏం చేస్తుంది? నన్ను కట్టిపడేసింది సార్టెడ్ సెట్. పని నంబరుకి గడువు తేదీని స్కోరుగా ఇస్తే చాలు, ఎప్పుడు అడిగినా వరసలోనే ఇస్తుంది. "ఇవాళ్టి వరకు ఉన్నవన్నీ" కావాలంటే ఒక్క కమాండ్. మొదటి ఏడాదంతా కనపడినవాళ్లందరికీ ఇదే చెప్పాను.

తర్వాత డొమైన్ గొడవ. నాకున్న ఇంకో సైటు డొమైన్ రెన్యువల్‌ని పది నెలల ముందే జాబితాలో వేసుకున్నాను. ఆ రోజు వచ్చింది, వెళ్లింది, పని మాత్రం కనపడలేదు. కనపడకపోతే అనుమానం కూడా రాదు కదా, చేసేసి టిక్ పెట్టిన పనీ అలాగే మాయమవుతుంది. సైటు తెరుచుకోవట్లేదని ఒక ఫ్రెండ్ చెప్పాక మొదలైంది టెన్షన్.

రెండు రాత్రులు కోడ్ అంతా తిరగేశాను. చివరికి లెక్కపెడితే సార్టెడ్ సెట్‌లో 212 పనులున్నాయి, ఒక్కో పనికి ఒకటి చొప్పున వివరాలు దాచిన హ్యాష్‌లు మాత్రం 171 ఉన్నాయి. ఇన్ఫో కమాండ్ కొడితే 'ఎవిక్టెడ్ కీస్' (మెమరీ చాలక రెడిస్ తనంతట తాను తీసేసిన కీల, అంటే పేరు పెట్టి దాచిన డేటా ముక్కల, లెక్క) దగ్గర సున్నా లేదు. అప్పుడు వెలిగింది. అదే రెడిస్‌ని ఆ సైటుకి క్యాష్‌గా (పోయినా మళ్లీ తయారుచేసుకోగల డేటాని తాత్కాలికంగా దాచే చోటుగా) కూడా వాడుతున్నాను. దానికోసం మెమరీకి 100 ఎంబీ హద్దు పెట్టి, నిండితే ఆల్‌కీస్ ఎల్ఆర్‌యూ పద్ధతిలో, అంటే ఏ కీ అయినా సరే, చాలాకాలంగా ముట్టుకోనివాటిని తీసెయ్యమని రాసింది నేనే. మనం ఏమీ చెప్పకపోతే అది నోఎవిక్షన్‌లో ఉంటుంది, దేన్నీ తీయదు.

యాప్ తెరిస్తే చదివేది ఇవాళ్టి పనులే, కాబట్టి వాటి కీలు ఎప్పుడూ తాజాగా ఉంటాయి. దూరపు గడువులున్నవీ, "తర్వాత చూద్దాంలే" అని పక్కన పడేసినవీ నెలల తరబడి ఎవరూ ముట్టుకోనివి. పోయినవి అవే. అలాగని పాతవన్నీ వరసగా పోలేదు. మామూలు సెట్టింగులో అది ఐదేసి కీలను శాంపిల్‌గా ఏరి వాటిలోంచి ఎంచుకుంటుంది, అందుకే నాకు ఏ క్రమమూ దొరకలేదు. వివరాలు లేని పనిని చప్పుడు చెయ్యకుండా దాటెయ్యమని కోడ్ రాసిన మహానుభావుడినీ నేనే.

ఇప్పుడు క్యాష్‌కి వేరే రెడిస్, పనులకి నోఎవిక్షన్. మెమరీ నిండితే కొత్త పని చేర్చనివ్వకుండా ఎర్రర్ ఇస్తుంది, ఇవ్వనీ. ఏఓఎఫ్ (ప్రతి మార్పునీ ఫైల్లో రాసుకునే పద్ధతి) ఆన్ చేసి సెకనుకోసారి డిస్కుకి పంపమన్నాను.

ఆ సార్టెడ్ సెట్ కూడా నేను పొగిడినంత కాదు. స్కోరు ఒకటే అయితే అక్షరక్రమం చూస్తుంది, అంటే 9 కన్నా ముందు 10 వస్తుంది. నంబర్ల ముందు సున్నాలు చేర్చి సర్దుకున్నాను.

వాడేది నేనూ, నలుగురు ఫ్రెండ్సూ. ఉన్నవి కొన్ని వందల పనులు. ఈ మాత్రానికి నేనైతే మార్చను. ఆఫీసు పనులు పెట్టుకోవచ్చా అంటే మాత్రం నన్ను అడగొద్దు.

పోయిన 41 పనుల్లో 26 గుర్తుచేసుకుని మళ్లీ ఎక్కించాను. మిగతా 15 ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.