ఆరేళ్లు వాడిన 150 కిలోల కాంట: సీలు ఎక్కడుందో చూసి కొనండి

జడ్చర్ల దగ్గర మాది పల్లికాయ కొనే దుకాణం. ఈ కాంట తెచ్చి ఆరేళ్లు దాటింది. 150 కిలోల దాకా జోకుతది, 20 గ్రాముల తేడా ఉన్నా పట్టి చూపిస్తది. కాంట కొనేటప్పుడు అందరూ తూకం చూస్తరు. ఆ తూకాన్ని ఎవడన్నా మార్చొచ్చా అన్నది నేను కూడా చూడలే, పాత కాంటతో ఇజ్జత్ పోయేదాకా.

పాతదానికీ వెనక సీసం సీలు ఉండె, తూనికల కొలతల శాఖ ముద్ర సర్టిఫికెట్ గోడకు ఉండె. యాసంగి పల్లి జోరు మీదున్న రోజులు. బీప్ చప్పుడు ఆపుదామని మా పోరడు ఏదో మీట ఒత్తిపట్టి ఆన్ చేసిండు. పాస్‌వర్డ్ అడిగితే సున్నాలు కొట్టిండు, కంపెనీ పెట్టింది అదే. తెర మీద 100 అని వచ్చి ఆగింది, అంటే 100 కిలోలు పెట్టి తూకం సెట్ చేయమని. 20 కిలోల సంచులు ఐదు ఎత్తిపెట్టి ఎంటర్ నొక్కిండు. సరుకైతే 20 కిలోలే, గోనె బరువు ఎవరు లెక్కపెట్టిన్రు? మొత్తం 103 కిలోలు ఉన్నదాన్ని కాంట 100 అని రాసుకున్నది.

మధ్యాహ్నం ఒక రైతు బస్తా పెట్టి ఆగిపోయిండు. "సేటూ, ఇంటికాడ జోకుకొచ్చిన, 40 కిలోలు. మీ కాంటల 38 కిలోల 840 అంటున్నది, ఏందిది?" 20 కిలోల ఇనుప బాటు పెట్టి చూసిన. 19.42. సీలు మాత్రం చెక్కుచెదరలే. పొద్దటి నుంచి రాసిన పట్టీలన్నీ తీసి, ఒక్కొక్కరికి ఫోన్ చేసి పైసలు సరిచేసిన. అయినా నెల దాకా మాటలు పడ్డ.

అందుకే కొత్తదాన్ని కొనేముందు వెనక మూత విప్పించి చూసిన. దీంట్ల కాలిబ్రేషన్ స్విచ్చు, అంటే తూకాన్ని సెట్ చేసేది, లోపల బోర్డు మీద ఉన్నది. మూత స్క్రూల తలలకు రంధ్రాలు, వాటిలోంచి సీలు తీగ. తీగ తెంపనిదే స్విచ్చు అందదు. ముందున్న మీటలు ఎన్ని నొక్కినా అంకెను సున్నాకు తేవడం, గోనె బరువు తీసెయ్యడం, ఇంతవరకే. పాస్‌వర్డ్ ఎన్ని అంకెలదైనా నాకు నమ్మకం లేదు. మెకానిక్‌కు తెలుస్తది, ఆయన చెప్తే పోరడికి తెలుస్తది.

నాకు బాగా నచ్చింది లెక్కపెట్టే అంకె. ఆన్ చేయంగనే ఒక్క క్షణం కనబడతది. కాలిబ్రేషన్‌లకు పోయిన ప్రతిసారీ ఒకటి పెరుగుతది, వెనక్కి తిప్పే దారి లేదు. ముద్ర పడ్డనాడు ఆ అంకెను ఖాతా బుక్కు అట్ట లోపల రాసి పెట్టుకుంట. ఇప్పుడు 9 ఉన్నది.

వచ్చిన కొత్తల ఒకసారి భయపెట్టింది. 100 కిలోల బాట్లు పెడితే 99.92 చూపించింది. చెడిపోయిన మాల్ అంటగట్టిన్రనుకున్న. మెకానిక్ నవ్విండు. దాన్ని ఢిల్లీ దిక్కు సెట్ చేసి పంపిన్రట. భూమి లాగే బలం అక్కడికన్నా మన దిక్కు కొంచెం తక్కువ. కాంట కింద బరువును పసిగట్టే లోడ్ సెల్ కొలిచేది ఆ ఒత్తిడినే కాబట్టి 100 కిలోల మీద 80 గ్రాముల దాకా తేడా వస్తది. పాత తక్కెడకు ఈ బాధ లేదు, రెండు పళ్లేలనూ భూమి ఒకే తీరు లాగుతది. ఇక్కడే బాట్లతో సెట్ చేయించి, అప్పుడు సీలు వేయించిన.

బాగలేనివీ ఉన్నయి. కాంట కింది నుంచి వచ్చే లోడ్ సెల్ వైరు బయట పిన్నుతో ఊడొస్తది, దానికి సీలు లేదు. పెట్టె లోపల ఎంత కట్టడి చేసినా ఈ పిన్ను తెరిచిన కిటికీ లెక్కనే; వేరే కాంట వైరు తగిలిస్తే తూకం మారిపోతది. కొనేవాళ్లు లోపలే అతికిన వైరు అడగండి. నా వైరును ఎలుకలు కొరికినప్పుడు ఇంకో తిప్పలు వచ్చింది. లైసెన్సున్న రిపేరు మనిషే సీలు విప్పాలె, తర్వాత తూనికల కొలతల శాఖ మళ్లీ ముద్ర వేయాలె. సీజన్ల నాలుగు రోజులు పక్కోళ్ల కాంట మీద జోకిన. ఏడాదికోసారి ముద్ర ఎట్లాగూ తప్పదు.

ఎండాకాలం రేకుల షెడ్డు కింద పొద్దున ఆన్ చేయంగనే సున్నా మీద ఉండాల్సిన అంకె 20, 40 గ్రాములు కదులుతది. పావుగంట ఆగితే కుదురుకుంటది. 6 వోల్టుల బ్యాటరీ ఇప్పటికి రెండుసార్లు మార్చిన. పాతది బ్యాటరీ పడిపోతుంటే పిచ్చి అంకెలు చూపించేది, ఇది దానంతట అదే ఆరిపోతది.

మా పోరడు ఇప్పుడు పెద్దోడైండు. పొద్దున షట్టర్ లేపంగనే 20 కిలోల బాటు ఎత్తిపెట్టేది వాడే.