లెట్రోజోల్ వాడకం, మధ్యలో వచ్చిన సిస్ట్: నా అనుభవం

పిల్లల కోసం మందులు మొదలుపెట్టి ఏడాది దాటింది. నాకు పీసీఓఎస్ ఉంది, అంటే హార్మోన్ల తేడా వల్ల గుడ్డు నెలనెలా సరిగ్గా విడుదల కాదు. గుడ్డు పెరగడానికి ముందు క్లోమిఫీన్ మాత్రలు ఇచ్చారు, తర్వాత లెట్రోజోల్‌కి మార్చారు. రెండూ వాడాను కాబట్టి చెబుతున్నాను, నాకు లెట్రోజోలే నయం.

క్లోమిఫీన్‌తో ఒంట్లోంచి ఆవిర్లు వచ్చేవి. గుడ్డు పెరిగినా గర్భాశయం లోపలి పొర పలచగానే ఉండేది. లెట్రోజోల్ ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి పొర మీద ఆ దెబ్బ పడదు. మాత్రలు వేసుకునే ఐదు రోజులూ నీరసం, కాస్త తలనొప్పి ఉంటాయి. ఇది రొమ్ము క్యాన్సర్ మందు కదా అని మా అత్తమ్మ భయపడింది. ఆ మాట నిజమే. మన దేశంలో 2011లో సంతానలేమికి దీన్ని వాడొద్దని నిషేధించారు కూడా. 2017లో ఎత్తేశారు. పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్ల మీద అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం 2014లో వచ్చింది. అందులో క్లోమిఫీన్ వాడినవాళ్లలో 19 శాతం మందికి బిడ్డ పుడితే, లెట్రోజోల్‌తో 27 శాతం దాటింది.

ఇక సిస్ట్ సంగతి, అంటే అండాశయంలో వచ్చే తిత్తి. ఒక నెల గుడ్డు బాగానే పెరిగింది కానీ పగల్లేదు. పీరియడ్ రెండో రోజు స్కాన్‌లో ఎడమ పక్క నల్లగా, గుండ్రంగా, సన్నని అంచుతో కనిపించింది. 34 మిల్లీమీటర్లు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డాక్టరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పి, లోపల నీరు తప్ప గోడలు, గడ్డలు ఏమీ లేవని చూపించారు. ఈస్ట్రడయోల్ అనే ఆడ హార్మోన్ పరీక్షలో ఎక్కువ వచ్చింది. అంటే ఆ సిస్ట్ ఇంకా హార్మోన్ తయారుచేస్తోంది, దాని మీద మళ్లీ మాత్రలు వేస్తే కొత్త గుడ్డు లెక్క తప్పుతుంది. అందుకని ఆ నెల మందులు ఆపేశారు. కరగడానికి గర్భనిరోధక మాత్రలు ఇస్తారేమో అని అడిగితే, ఊరికే ఆగినా అంతే త్వరగా పోతుందన్నారు. తర్వాతి పీరియడ్‌కి చూస్తే లేదు.

అంతకుముందు వెళ్లిన క్లినిక్‌లో ఈ స్కాన్ లేకుండానే ఫోన్‌లో మాత్రలు చెప్పేవాళ్లు. అది నాకు ఇప్పటికీ కోపమే. మీ దగ్గర అలా చెబితే, స్కాన్ చేశాకే మందు మొదలుపెడతానని గట్టిగా అడగండి. రిపోర్టులో ఏ పక్క, ఎన్ని మిల్లీమీటర్లు అన్నది రాయించుకోండి, వచ్చే నెల పోల్చుకోవడానికి పనికొస్తుంది.

చాక్లెట్ సిస్ట్‌కి మాత్రం ఇదంతా వర్తించదు. అది ఎండోమెట్రియోసిస్ వల్ల, అంటే గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరగడం వల్ల వచ్చేది, దానంతట అది పోవడం అరుదు. ఆపరేషన్ చేస్తే గుడ్ల నిల్వ తగ్గొచ్చు. కాబట్టి చేయించుకునే ముందు గుడ్ల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ పరీక్ష గురించి మాట్లాడండి.

సిస్ట్ ఏదైనా సరే, ఉన్నట్టుండి ఒక పక్క పొత్తికడుపులో భరించలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.