1932 ఫోర్డ్ హాట్ రాడ్ కిట్: బెజవాడ ఎండల్లో మూడున్నరేళ్లు

ముక్కలు అతికించి కట్టుకునే ఈ ప్లాస్టిక్ మోడల్ కారు కిట్ నా చేతికొచ్చింది 2021 నవంబరులో. కారు పూర్తయింది 2023 ఫిబ్రవరిలో. అప్పట్నుంచి సింగ్ నగర్‌లో మా ఇంటి హాల్లో, అద్దాల షెల్ఫు పై అరలో ఉంటోంది. కొనేముందు సమీక్షలు బోలెడు చదివాను. అన్నీ పెట్టె విప్పిన వారంలోపే రాసేసినవి. ఏ ముక్క ఎక్కడ బాగా కూర్చుందో చెప్పారు గానీ, ఏళ్లు గడిచాక ఆ కారు ఏమైందో ఒక్కరూ చెప్పలేదు. మే నెల ఎండ, ఆగస్టు ఉక్కపోత, ఒక వరద, అన్నీ చూసిన కారు ఇది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

స్కేలు 1/25. అసలు కారులో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 106 అంగుళాలుంటే ఇక్కడ నాలుగుంపావు. 1932లో ఫోర్డ్ కంపెనీ మామూలు జనం కొనగలిగే ధరలో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ ఇచ్చింది. సిలిండర్ల మొత్తం పరిమాణం 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్‌పవర్. ఆ కార్లు పాతబడి చవగ్గా దొరకడం మొదలయ్యాక దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు కొనుక్కుని, బరువు తగ్గాలని మడ్‌గార్డులు ఊడదీసి, టాపు కోసి కిందికి దించి, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు తీయించారు. హాట్ రాడ్ అంటే అదీ. ఎవరి కారు వాళ్లు తమ చేత్తో మార్చుకోవాలి. పెట్టె మీద ఉన్న బొమ్మలాగే కట్టేసి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ధర సంగతి. మన దేశంలో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. ఈ కిట్లూ ఆ లెక్కలోకే వస్తాయి. మొదటిది నాకు అన్నీ కలిపి 5,200 పడింది. 2024లో తెప్పించుకున్న రెండోది ఆరు వేలు దాటింది. పదిహేను నెలల సాయంత్రాలు దానితో గడిపాను కాబట్టి నాకు ఖరీదనిపించలేదు.

అచ్చు బాగుంది. ముందు గ్రిల్లులో నిలువు కడ్డీలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. చాసిస్ మాత్రం మెలి తిరిగి వచ్చింది. గాజు పలక మీద పెడితే ఒక చక్రం గాల్లో ఉంది. పొగలు కక్కే నీళ్లలో కాసేపు ముంచి, ఎదురు మెలి పెట్టి, కుళాయి కింద చల్లార్చాను. రెండుసార్లకు సరయింది.

అసలు పని టాపు దగ్గర. నిజం కారుకి మూడంగుళాలు కోస్తే చూడ్డానికి బాగుంటుంది. మన స్కేలులో అది మూడు మిల్లీమీటర్లు. మాస్కింగ్ టేపు అంటించి, దాని అంచు వెంట సన్న రంపంతో టాపుని మోసే పిల్లర్లన్నీ కోశాను. ముక్కలు తీసేసి టాపు దింపితే కిందివాటితో కలవలేదు. పిల్లర్లు నిటారుగా ఉండవు, పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలతాయి. మూడు మిల్లీమీటర్లు దిగిన టాపు కింద బాడీ కంటే చిన్నదైపోతుంది. టాపుని మధ్యలో అడ్డంగా కోసి, సందులో స్టైరీన్ అనే ప్లాస్టిక్ పట్టీ పెట్టి సాగదీస్తేనే కలిసింది. దీనికే నాకు రెండు నెలలు పట్టింది. ఇదంతా చేస్తున్నప్పుడు కొండపల్లి బొమ్మలు గుర్తొచ్చాయి. అక్కడ పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, అతుకు కనపడకుండా అరగదీస్తారు. నా చేతిలో ఉన్నది ప్లాస్టిక్, పుట్టీ. పని మాత్రం అదే.

అతుకు పోయిందనుకున్నాను. ఆటోనగర్‌లో తెలిసిన పెయింటర్ బాబాయ్‌కి చూపిస్తే ఆయన టాపు మీద నాలుగు నీటి చుక్కలు వేసి వేలితో పరిచి, ట్యూబ్‌లైటు కింద వాల్చి పట్టుకున్నాడు. లైటు గీత టాపు పొడుగునా నడుస్తూ నడుస్తూ అతుకు దగ్గర చిన్నగా వంగింది. "చూశావా, అక్కడ గుంటుంది బాబూ. రంగేశాక ఇంకా పెద్దగా కనపడుద్ది," అన్నాడు. మళ్లీ పుట్టీ, మళ్లీ తడిపి రుద్దే గరుకు కాగితం, 400 నంబరు వాటర్ పేపరు, తర్వాత 800. లైటు గీత వంగకుండా నడిచిన రోజు ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పాను. మోడల్ కట్టేవాళ్లకి ఈ ఒక్క పరీక్ష నేర్పినా చాలనిపిస్తుంది నాకు.

రంగు దగ్గర మొదటిసారి దెబ్బ తిన్నాను. 2022 ఆగస్టులో, బయట ముసురు పట్టి ఉండగా గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్‌తో, లాకర్ అనే త్వరగా ఆరే రంగు, మెరూన్‌ది కొట్టాను. పది నిమిషాల్లో టాపంతా పాలు ఒలికినట్టు తెల్లబడింది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది. గాల్లో తేమ ఆ చల్లదనానికి నీరై రంగు మీద దిగుతుంది. చల్లటి సోడా సీసాకి చెమట పట్టినట్టే. బ్రష్‌కి గాలి ఇచ్చే కంప్రెసర్ దగ్గర తేమ పట్టే గిన్నెలో ఆ రోజు చెంచాడు నీళ్లు వచ్చాయి. మొత్తం అరగదీసి సంక్రాంతి వరకు ఆగాను. జనవరిలో పదకొండు, ఒంటి గంట మధ్య కొడితే అదే రంగు, అదే థిన్నర్, ఎక్కడా మచ్చ లేదు. ఏప్రిల్, మే నెలల్లోనూ వద్దు. రంగు దారిలోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా కూర్చుంటుంది.

రంగు మీద మెరుపుకి వేసే పారదర్శకమైన పొర, క్లియర్ కోటు, బాబాయ్ రంగులు కొట్టే బూత్‌లో, కార్లకు వాడే, గట్టిపడ్డానికి హార్డెనర్ కలిపిన దానితోనే వేయించాను. మందంగా కూర్చుంటుంది కాబట్టి డోరు గీతలు ముందే బ్లేడు వీపుతో లోతు చేసుకోవాలి, లేకపోతే పూడిపోతాయి. ఇంట్లో మాత్రం ఎవరూ ఇది కొట్టొద్దు. హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చాలా చేటు. సరైన మాస్కు, గాలి లాగే బూత్ రెండూ ఉండాలి.

ఇంజిన్ గురించి ఒక్క మాట. కిట్‌లో ప్లగ్గు వైర్లు ఇవ్వరు. మోటారు వైండింగ్ షాపులో 30 గేజ్ రాగి తీగ ముక్కలు ఊరికే ఇచ్చారు. మందం 0.3 మిల్లీమీటర్లు, ఈ స్కేలుకి అచ్చంగా సరిపోతుంది. సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరస, ఫైరింగ్ ఆర్డరు 1-5-4-8-6-3-7-2 చూసుకుంటూ ఎనిమిదీ కలిపాను. బానెట్ మూస్తే ఎవరికీ కనపడదు. నాకు తెలుసు, అది చాలు.

ఇక రెండేళ్ల పైచిలుకు షెల్ఫులో ఉన్నాక సంగతి. క్లియర్ కోటు పసుపెక్కలేదు, పగల్లేదు, గుడ్డతో తుడిస్తే మొదటి రోజులాగే మెరుస్తుంది. కిటికీలు తెల్ల ఫెవికాల్‌తో అంటించాను, ఒక్కటీ ఊడలేదు. సూపర్ గ్లూతో అంటించి ఉంటే దాని ఆవిరికి అద్దాలు మసకబారేవి. లిక్విడ్ క్రోమ్ పెన్నుతో దిద్దిన అంచులు మాత్రం వేళ్లు తగిలిన చోట బూడిద రంగుకి తిరిగాయి. కిట్‌తో వచ్చిన క్రోమ్ భాగాలు ఇంకా బాగానే ఉన్నాయి.

బాధ పెట్టింది టైర్లు. మొన్న సంక్రాంతికి షెల్ఫు దులుపుతూ ఒక టైరు తీయబోతే రాలేదు. లాగితే రిమ్ము అంచు మీద టైరు ఆకారంలో లోతుగా కాటు పడి ఉంది. మెత్తటి వినైల్ టైర్లలో ఉండే నూనెలాంటి పదార్థం నెమ్మదిగా బయటికొచ్చి, తగిలిన ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. వేడికి అది ఇంకా తొందరగా జరుగుతుంది. నాలుగు రిమ్ముల్లో మూడు పోయాయి. ఈ ప్రమాదం గురించి కిట్ కాగితంలో ఒక్క ముక్క లేదు, ఉండాల్సింది.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా కింది వాటా మునిగింది. పై అంతస్తులో ఉన్నాం కాబట్టి కారుకేం కాలేదు. ఆ తేమకి రెండో కిట్‌లో నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మల కాగితం, డెకాల్ షీటు మాత్రం పెట్టెలోనే కాగితానికి కరుచుకుపోయింది. డెకాల్స్‌ని జిప్ కవర్లో, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి విడిగా దాచుకోండి.

మొదటిసారి మోడల్ కట్టేవాళ్లు టాపు కోయకుండా ఉన్నదున్నట్టు కట్టండి, అలా కట్టినా అందమైన కారే. కోసే పని మీద ఆశ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. నాకైతే ఇంతకంటే ఇష్టమైన కిట్ లేదు. రెండోది పోయిన నెలలో మొదలుపెట్టాను. ఈసారి టైర్లు తొడిగే ముందే రిమ్ములన్నింటికీ వంటింటి అల్యూమినియం రేకు చుట్టేశాను.