నోట్‌ప్యాడ్ చాలు: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో నా మొదటి యాడాన్

మాది పర్లాకిమిడి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నుంచి నడుస్తున్న ఆన్‌లైన్ కంప్యూటర్ ఆట కాబట్టి ఆట ఎలా ఉందో నేను చెప్పక్కర్లేదు, అందులో యాడాన్లు, అంటే ఆటకి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, మనమే రాసుకునే వీలుంది చూడండి, ఈ రివ్యూ దాని గురించే. కోడింగ్ నేర్చుకోవాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకి ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

కొనాల్సిందేమీ లేదు. ఆట ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేస్, దాని లోపల యాడాన్స్, అక్కడ మన యాడాన్ పేరుతో ఒక ఫోల్డర్, అందులో రెండు ఫైళ్లు. ఒకటి టీఓసీ, అంటే యాడాన్ పేరేంటి, ఏ వెర్షన్ ఆటకి రాశాం, ఏ ఫైళ్లు చదవాలి అని ఆటకిచ్చే చీటీ. రెండోది లూవా భాషలో అసలు కోడ్.

టీఓసీ ఫైలు పేరూ ఫోల్డర్ పేరూ ఒకటే ఉండాలి. నావి ఒకటే ఉన్నా రెండు సాయంత్రాలు నా యాడాన్ లిస్టులోకే రాలేదు, బుర్ర వేడెక్కిపోయింది. చివరికి మా చెల్లి చూసి, "అన్నయ్యా, దీని బొమ్మ మామూలు టెక్స్ట్ ఫైలులాగే ఉందేంటి?" అంది. సేవ్ చేసినప్పుడు చివర డాట్ టీఎక్స్‌టీ తగులుకుంది, నా కంప్యూటర్ సెట్టింగ్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే ఫైలు పేరు చివర డాట్ తర్వాత ఉండే అక్షరాలు, కనబడవు. ముందు ఆ సెట్టింగ్ మార్చుకోండి.

నేను రాసింది ఆ పూట ఎంత బంగారం సంపాదించానో చూపించే చిన్న యాడాన్. డబ్బు మారినప్పుడల్లా ఆటే మన కోడ్‌ని పిలుస్తుంది. మొదటిసారి స్క్రీన్ మీద 1523407 అని పడింది, ఇంత డబ్బెక్కడిదా అనుకున్నాను. ఆట లెక్కంతా రాగిలో ఉంటుందట, 100 రాగి ఒక వెండి, 100 వెండి ఒక బంగారం. బళ్లో నేర్చుకున్న భాగహారం, శేషం పెట్టి విడగొడితే 152 బంగారం, 34 వెండి, 7 రాగి వచ్చాయి. ఆ లైను కనబడ్డప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

నాకు బాగా నచ్చింది స్లాష్ రీలోడ్ (/reload) అనే ఆదేశం. ఫైలు సేవ్ చేసి చాట్‌లో అది కొడితే కాసేపట్లో మార్పు కళ్లముందుంటుంది, కొత్త ఫైలు చేర్చినప్పుడు మాత్రం ఆటను మూసి తెరవాలి. స్క్రిప్ట్ ఎర్రర్స్ ఆన్ చేసుకుంటే తప్పు ఏ ఫైల్లో ఏ లైన్లో ఉందో కూడా చెబుతుంది. దాచుకున్న లెక్క లాగౌట్‌లోనో రీలోడ్‌లోనో మాత్రమే డిస్క్ మీదకెక్కుతుంది, ఒకరోజు మా వీధిలో కరెంటు పోయి ఆ పూట లెక్కంతా పోయింది. అప్పటినుంచి మధ్యమధ్యలో రీలోడ్ కొడుతున్నాను.

యాడాన్‌కి మన బదులు మంత్రాలు వేయడం కుదరదు, అలా కావాలనే కట్టడి చేశారు, అది న్యాయమే. పాతపట్నంలో మా బావకి ఫోల్డర్ పంపితే అలాగే పెట్టుకుని వాడుతున్నాడు. 20వ లెవెల్ దాకా ఆట ఉచితమే, యాడాన్లు అందులోనూ పనిచేస్తాయి, ముందు అక్కడ రాసి చూడండి.