స్టిఫ్‌కీ పర్రలో పొద్దుగూకే వేళ

మొన్న జూలైలో లండన్ నుంచి ఇంగ్లండ్ తూర్పున ఉన్న నార్ఫోక్ తీరానికి వెళ్లాం, ఒక చిమ్మట కోసం. పేరు అగ్డిస్టిస్ బెనెటీ. రెక్కలు చాపితే అంగుళం. దీని కుటుంబంలో చాలావాటికి రెక్కలు ఈకల్లా చీలి ఉంటాయి, దీనికి చీలవు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు సీ లావెండర్ ఆకులు తింటుంది. ఆ మొక్క పోటు నీళ్లు తడిపే ఉప్పునేలల్లో, అంటే పర్రల్లో, పెరుగుతుంది కాబట్టి పురుగు కాపురమూ అక్కడే.

లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి నారిచ్‌కి రైల్లో సుమారు రెండు గంటలు, అక్కణ్ణుంచి షెరింగమ్‌కి ఇంకో గంట. ఆపైన కోస్ట్‌హాపర్ బస్సు తీరం వెంట ఊరూరా ఆగుతుంది. కారు అక్కర్లేకపోయింది.

ముందు క్లేలో దిగాం. 1926లో కొని కాపాడుతూ వస్తున్న చిత్తడినేల అది. కాఫీ తాగుతూ కూర్చున్నచోటి నుంచే పక్షులు కనిపిస్తాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే క్లే చాలు. కానీ అక్కడ రెల్లుదే రాజ్యం, మా చిమ్మటకి చోటు కాదు.

స్టిఫ్‌కీ అలా కాదు. ఊరు దాటగానే కనుచూపుమేర సీ లావెండర్ ఊదారంగు పూలు. మా ఆవిడది కోనసీమ. "ఇది మా పర్రేనండీ, పూలు పూసిందంతే" అంది. బురదలో సాంఫైర్ మొక్క తుంచి చూసి, ఇలకూర గుర్తొచ్చిందంది. నిజమే, రెండూ తోటకూర కుటుంబమే.

రాత్రి తొమ్మిది దాటి పొద్దుగూకాక టార్చి వెలుగులో చిమ్మటలు కనిపించాయి. బూడిదరంగు రెక్కల్ని సన్నగా చుట్టుకుని, పూలకాడకి ఎండుపుల్ల అతికించినట్టు కూర్చున్నాయి. కదిలితేగాని పురుగని తెలియదు. నాలుగు చూశాం. ఒకదాని దగ్గర పావుగంట మోకాళ్లమీదే ఉండిపోయాను.

బస పక్క ఊరు వెల్స్‌లో. గది శుభ్రం, ఆటుపోట్ల పట్టిక అడక్కుండానే ఇచ్చారు, పొద్దున ఫలహారం బాగుంది. కానీ ముందే మాట్లాడుకున్న టాక్సీ రాలేదు. ఐదు కిలోమీటర్లు చీకట్లో నడిచాం. చిమ్మట కోసం వెళ్లేవాళ్లు రెండు డబ్బులు ఎక్కువైనా స్టిఫ్‌కీలోనే గది తీసుకోండి. పట్టిక చూడకుండా మాత్రం పర్రలో లోపలికి వెళ్లొద్దు. పోటొస్తే మన వెనక ఉన్న పాయలే ముందు నిండుతాయి.