అనంతగిరి దగ్గర క్వాడ్ బైకు సవారీ: మట్టిలో సంతోషం, తారు మీద భయం

హైదరాబాదుకు దాదాపు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న అనంతగిరి గుట్టల చుట్టుపక్కల క్వాడ్ బైకులు (హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండ్లు), డర్ట్ బైకులు (మట్టి దారుల కోసం చేసిన మోటారు సైకిళ్లు) అద్దెకిచ్చే చోట్లు ఇప్పుడు చాలానే కనిపిస్తున్నాయి. వాటిలో ఒకదానికి గత నెలలో మా బావతోనూ, ఆయన కొడుకుతోనూ కలిసి వెళ్లి వచ్చాను. ఆ చోటు పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్కరిదే అయితే రాసి ఉండేవాణ్నేమో గాని, అదే పద్ధతి ఆ దారిలో మరో రెండు చోట్ల కూడా నా కంటబడింది.

ముందుగా చిన్న విషయాలు. క్వాడ్‌కు 40 నిమిషాలకు 1,200 రూపాయలు, డర్ట్ బైకుకు 1,500 రూపాయలు తీసుకున్నారు. పార్కింగుకు స్థలం ఉంది, హెల్మెట్లు శుభ్రంగా ఉన్నాయి, మోకాళ్లకు గార్డులు అడగకుండానే ఇచ్చారు. చేతి గ్లౌజులు మాత్రం లేవు. ఎవరి వెంట వారు తెచ్చుకోవడం మంచిది.

ట్రాకు నిజంగా బాగుంది. చెట్ల మధ్య ఎర్రమట్టిలో మలుపులు తిరుగుతూ, ఒకచోట వాగు అడుగు దాటి, మరోచోట చిన్న గుట్ట ఎక్కి దిగే ఆ దారిని ఎవరో బండి నడపడం తెలిసినవారే శ్రద్ధగా వేసి ఉంటారని అనిపించింది. బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ అలవాటు కావడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ తరువాత మలుపు దగ్గర వెనుక చక్రాలు మట్టిని చిమ్ముతూ కొద్దిగా పక్కకు జారడం, ఆ జారుడుతోనే బండి ముందు భాగం మనం కోరిన వైపుకు తిరగడం ఎంత సహజంగా జరిగిందంటే, మొదటిసారి నడుపుతున్నానన్న సంగతే మరిచిపోయాను.

చిక్కంతా ఆ ట్రాకుకు చేరే దారిలో ఉంది. బండ్లు ఇచ్చే షెడ్డు నుంచి ట్రాకు మొదలయ్యే చోటికి సుమారు ఒకటిన్నర కిలోమీటరు తారు రోడ్డు మీదే వెళ్లాలి. అది ఆర్టీసీ బస్సులు, ట్రాక్టర్లు, వారాంతంలో నగరం నుంచి వచ్చే కార్లు తిరిగే రోడ్డు. ఈ సంగతి ఫోనులో బుక్ చేసుకున్నప్పుడు చెప్పలేదు. అక్కడికి వెళ్లాక అడిగితే, మాతో రావలసిన కుర్రవాడు నవ్వి, ‘‘ఏం కాదన్నా, అందరు గిట్లనే పోతరు, మెల్లగ నా ఎనక రాండ్రి’’ అన్నాడు. మెల్లగా వెళ్తే చాలునని నేనూ అనుకున్నాను.

మెల్లగా వెళ్లినా తారు మీద క్వాడ్ ఎందుకు సరిగా తిరగదో ఎడ్లబండిని దగ్గరగా చూసినవారికి సులువుగా అర్థమవుతుంది. బండి ఇరుసు కదలకుండా ఉంటుంది, రెండు చక్రాలూ దాని మీద దేనికది తిరుగుతాయి. అందువల్ల మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడిచినా ఇబ్బంది రాదు. కారులో ఆ పనిని డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక చేస్తుంది. మాకిచ్చిన రకం క్వాడ్‌లో, సరదా సవారీకి వాడే చాలా క్వాడ్‌లలో లాగానే, వెనుక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. ఇరుసు తిరిగితే రెండూ సమానంగా తిరగాల్సిందే. మట్టిలోనైతే లోపలి చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు రోడ్డు టైరును అంత తేలికగా జారనివ్వదు. హ్యాండిల్ తిప్పినా బండి తిరగకుండా ముందుకే పోతుంది. కంగారుపడి ఇంకా తిప్పితే ముందు చక్రాలు ఒక్కసారిగా పట్టు దొరకబుచ్చుకుంటాయి, అప్పుడు ఎత్తుగా, ఇరుకుగా ఉన్న ఆ బండి బయటి వైపుకు ఒరిగి లోపలి చక్రాలు గాలిలోకి లేస్తాయి.

నాకు జరిగిందీ ఇదే. రోడ్డు ఎడమకు తిరిగే చోట నా వేగం పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. బండి మధ్య గీత దాటి కుడి వైపుకు వెళ్లిపోయింది. గట్టిగా తిప్పేసరికి ఎడమ వైపు నేల మీద నుంచి లేచినట్టు తెలిసింది. యాక్సిలరేటర్ వదిలేయడంతో తిరిగి కింద పడింది. ఎదురుగా ఏ వాహనమూ రాకపోవడం నా అదృష్టం. నా వెనుకే వస్తున్న మేనల్లుడి వయసు 17 ఏళ్లు, వాడి దగ్గర లైసెన్సు లేదు. ట్రాకు మీద సరే గాని, అలాంటివాణ్ని బస్సులు తిరిగే రోడ్డు మీదికి వెంట తీసుకువెళ్లడానికి ఒప్పుకోవడం మా పెద్దల తప్పే.

ట్రాకు చేరాక బండిని నిదానంగా పరిశీలించాను. టైరు పక్క గోడ మీద ‘నాట్ ఫర్ హైవే సర్వీస్’ అన్న అక్షరాలు చేతికి తగిలేంత ఉబ్బెత్తుగా ఉన్నాయి. రోడ్డు వాడకానికి కాదని టైరు తయారుచేసినవారే అచ్చు పోసి చెప్పిన మాట అది. కారు టైరులో 30 పీఎస్ఐకి (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) అటూ ఇటూగా గాలి ఉంటే, క్వాడ్ టైరుకు సాధారణంగా 4 నుంచి 7 పీఎస్ఐ సరిపోతుంది. అందుకే అది నేల మీద పరుచుకొని రాళ్లను, గుంతలను తనలోకి ఇముడ్చుకోగలదు. బొటనవేలితో అదిమి చూస్తే ఇది రాయిలా ఉంది. కారణం అడిగితే, రోడ్డు మీద తొందరగా అరిగిపోతున్నాయని, పంచర్లు పడుతున్నాయని గాలి ఎక్కువ కొట్టామన్నారు. అంటే తారు కోసం చేసిన సర్దుబాటు వల్ల మట్టిలో ఉండవలసిన మెత్తదనం కూడా పోయిందన్నమాట. రాళ్ల మీద బండి ఎందుకు బంతిలా ఎగురుతున్నదో నాకు అప్పుడు అర్థమైంది. మడ్‌గార్డు మీద తయారీదారు అంటించిన హెచ్చరిక పత్రంపై సగానికి పైగా బండ్లు అద్దెకిచ్చే సంస్థ తన స్టిక్కరు వేసుకుంది. స్టిక్కరు అంచు కింద మిగిలిన వాక్యాల్లో, పబ్లిక్ రోడ్ల మీద ఎప్పుడూ నడపరాదన్నది ఒకటి.

మా బావ డర్ట్ బైకు తీసుకున్నారు. ఆయన సొంత బండి హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ కావడంతో రెండింటికీ తేడా ఇట్టే పట్టేశారు. ముందు 21 అంగుళాలు, వెనుక 18 అంగుళాల చక్రాలతో, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సుతో (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం) మట్టి దారికి పనికొచ్చే బండే అయినా, ఎక్స్‌పల్స్‌ను రోడ్డును దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. దానికి బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, అద్దాలు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు అన్నీ ఉన్నాయి. అద్దె బండికి ఇవేవీ లేవు, హారను కూడా లేదు. పైగా దానికున్న, గుబ్బలు గుబ్బలుగా ఉండే బటన్ టైర్లు తారు మీద ఆ గుబ్బల కొసలతో మాత్రమే ఆనుతాయి. వాలితే గుబ్బలు వంగి టైరు కింద నేల కదిలినట్టుంటుందని, బ్రేకు వేస్తే ముందు చక్రాన్ని పట్టి ఉంచే పొడవాటి ఫోర్కు కిందికి కుంగి వెనుక చక్రం తేలిపోతోందని బావ చెప్పారు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని వాహనాన్ని పబ్లిక్ రోడ్డు మీద నడపకూడదు. మొదటి తప్పుకు 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కవాసాకీ కేఎక్స్ 250 వంటి డర్ట్ బైకులను మన దేశంలో ట్రాకు కోసమే అమ్ముతారు, వాటికి రిజిస్ట్రేషను ఉండదు. క్వాడ్రిసైకిళ్లను ప్రభుత్వం అనుమతించింది కదా అని షెడ్డు యజమాని వాదించారు గాని, అది బజాజ్ క్యూట్ లాంటి పైకప్పు ఉన్న చిన్న వాహనాల వర్గం, దానికీ ఈ క్వాడ్‌కూ పేరులో తప్ప పోలిక లేదు. ఏం జరిగినా బాధ్యత నాదేనని మా చేత సంతకం పెట్టించుకున్న కాగితం ఉంది. ఆ రోడ్డు మీద మేము ఎవరినైనా గుద్ది ఉంటే, గాయపడినవారికి ఆ కాగితంతో ఏం సంబంధం?

ఇక నా సలహా ఒక్కటే. ట్రాకు కోసం తప్పకుండా వెళ్లవచ్చు, కాని బుక్ చేసేటప్పుడే బండ్లను ట్రాకు దగ్గరికి ట్రాలీలో తెచ్చి ఇస్తారా అని అడగండి. ఒప్పుకోకపోతే వేరే చోటు చూసుకోండి. ట్రాలీ ఖర్చు కోసం మనిషికి మరో 200 రూపాయలు అడిగినా సంతోషంగా ఇచ్చేవాళ్లం.

తిరుగు ప్రయాణంలో మేము ముగ్గురమూ బండ్లను ట్రాకు చివర వదిలేసి రోడ్డు పక్కన నడిచి వచ్చాము. కుర్రవాడు ఒక్కొక్క బండినే షెడ్డుకు చేర్చాడు. నా క్వాడ్ తీసుకొని అదే మలుపు దగ్గరికి వచ్చినప్పుడు అతను సీటు మీద నుంచి కొద్దిగా లేచి, ఒళ్లంతా మలుపు లోపలి వైపుకు వాల్చి, నడక వేగంతో దాటాడు. మెల్లగా రమ్మన్నాడే గాని, ఒళ్లు అలా వాల్చాలని పొద్దున మాకు చెప్పలేదు.